వేటగాని విద్య: అర్సేన్యెవ్ గ్రంథాలపై ఒక పరిశీలన

రష్యా దేశపు తూర్పు కొసన, ఉసూరీ నదికీ జపాను సముద్రానికీ మధ్యగా, సిఖోటే-అలీన్ అనే పర్వతశ్రేణి వున్నది. 1947 ఫిబ్రవరి 12న ఒక పెద్ద ఇనుప ఉల్క ముక్కలై పడినది ఇక్కడనే కాబట్టి విజ్ఞానశాస్త్రం చదివినవారికి ఈ పేరు బొత్తిగా కొత్తది కాదు. ఈ కొండల మీది అడవి ఒక వింత కలయిక. ఉత్తరాది చలిదేశాల స్ప్రూసు, ఫర్ చెట్ల పక్కనే కొరియా పైన్ చెట్లను అడవిద్రాక్ష తీగలు పెనవేసుకొని వుంటాయి. మెత్తని బొచ్చుగల సేబుల్ అనే చిన్న జంతువు తిరిగే మంచు మీదనే పెద్దపులి కూడా తిరుగుతుంది. 1858, 1860 సంవత్సరాలలో జరిగిన సంధులవల్ల ఈ భూభాగం చైనా చేతినుండి రష్యా చేతిలోకి వచ్చింది. వచ్చి నలభై ఏళ్ళయిన తరువాత కూడా దీని లోపలి భాగాలకు నమ్మదగిన పటం లేదు.

ఆ పటం తయారుచేయడానికి పూనుకొన్నవారిలో ముఖ్యుడు వ్లదీమిర్ అర్సేన్యెవ్. ఇతడు 1872లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు; సైన్యంలో చేరి 1900లో వ్లదివస్తోక్ చేరుకొన్నాడు. అప్పటినుండి 1910 దాకా మళ్ళీ మళ్ళీ ఈ కొండలలో తిరిగాడు. 1904–05లో రష్యా జపాను చేతిలో ఓడిపోయిన తరువాత ఈ సముద్రతీరపు సంగతులు ప్రభుత్వానికి మరింత అవసరమైనాయి. అందుచేత 1906, 1907 ప్రయాణాలు పెద్దఎత్తున జరిగాయి. గుర్రాలు, సిపాయిలు, కొలత సాధనాలు, మొక్కలను ఎండబెట్టే కాగితాలు, వీటన్నిటితోను సాగిన ఆ ప్రయాణాల ఫలితమే "ఉసూరీ ప్రాంతంలో" (1921), "దేర్సు ఉజాలా" (1923) అనే రెండు పుస్తకాలు. రెండవ పుస్తకానికి పేరైన దేర్సు, ఆనాడు గోల్డీలనీ నేడు నానాయ్‌లనీ పిలవబడే ఆదిమజాతికి చెందిన వేటగాడు, అర్సేన్యెవ్‌కు దారిచూపినవాడు.

ఈ పుస్తకాలను లోకం ఒక స్నేహగాథగా చదివింది. మాక్సిమ్ గోర్కీ 1928లో అర్సేన్యెవ్‌ను మెచ్చుకొంటూ, జంతువుల జీవితాన్ని వర్ణించిన జర్మను శాస్త్రజ్ఞుడు బ్రేమ్‌నూ, అడవి వీరుల కథలు వ్రాసిన అమెరికను రచయిత కూపర్‌నూ ఇతడు ఒకచోట కలిపాడన్నాడు. మెప్పు పెద్దదే. కాని దేర్సును కూపర్ కథల వీరుల పక్కన నిలబెట్టడంవల్ల ఒక నష్టం జరిగింది. పాఠకులు అతని మంచితనాన్ని చూచారు, అతని మరణానికి కన్నీరు పెట్టారు. అతని విద్యను మాత్రం అడవిమనిషికి పుట్టుకతో వచ్చిన శక్తి అనుకొని దాటిపోయారు. పుస్తకంలో నిజంగా వున్నది అది కాదు. సైన్సు బోధించే ఉపాధ్యాయుడు ఈ పుస్తకాన్ని చదవవలసినదీ, పిల్లలచేత చదివించవలసినదీ ఆ దాటిపోయిన భాగం కోసమే.

మన ప్రాచీన తార్కికులు ప్రత్యక్షమనీ, అనుమానమనీ ప్రమాణాలను వేరుచేశారు. కొండమీద పొగ కనబడితే అక్కడ నిప్పున్నదని గ్రహించడం అనుమానం. "అనుమానం" అనే మాటకు వాడుకలో "సందేహం" అనే అర్థం స్థిరపడిపోయింది గాని, తర్కంలో అది సందేహానికి సరిగా విరుద్ధం: కనబడిన గుర్తునుండి కనబడని వస్తువును నిశ్చయించడం. దేర్సు రోజంతా చేసే పని అదే.

గ్రంథంలో ఒకచోట అడవిదారి వెంట ఎవరో నడిచిపోయిన జాడలు కనిపిస్తాయి. వాటిని చూచి దేర్సు, వెళ్ళినవాడు వయస్సులో వున్నవాడా ముసలివాడా అన్నది కూడా చెబుతాడు. సిపాయిలు నోళ్ళు తెరుస్తారు. అర్సేన్యెవ్ ఆశ్చర్యంతో ఆగిపోక, ఎలా తెలిసిందని అడుగుతాడు. దేర్సుకు ఆ ప్రశ్నే వింతగా తోస్తుంది. వయస్సులో వున్నవాడు పాదం ముందుభాగాన్ని నొక్కి నడుస్తాడు, ముసలివాడు మడమను నొక్కి నడుస్తాడు, ఇందులో తెలియకపోవడానికి ఏమున్నది అన్నట్లు వివరిస్తాడు. కళ్ళున్న ప్రతి మనిషికీ ఇది కనబడాలని అతని నమ్మకం. ఇన్నేళ్ళు చదువుకొన్న అధికారికి కనబడకపోవడం అతనికి జాలి కలిగిస్తుంది.

మరొకచోట పులి జాడ. తాము నడిచివచ్చిన దారిలోనే వెనుకకు తిరిగి చూస్తే, తమ అడుగుల మీదనే పులి అడుగులు పడి వున్నాయి. నేల చిత్తడి నేల. అడుగుపడిన గుంటలోకి చుట్టూ వున్న నీరు ఊరుతూ వుంది, ఇంకా నిండలేదు. గుంట నిండడానికి పట్టే కాలమెంతో తెలిసినవానికి ఇది గడియారం వంటిది: పులి ఇప్పుడే ఇక్కడ వుండి వెళ్ళింది, బహుశా ఇంకా దగ్గరలోనే వున్నది. నీరు మట్టిలోనుండి ఎంత వేగంతో ఊరుతుందో భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కొలవవచ్చు. తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒక పళ్ళెంలో తడి ఇసుక పోసి, బొటనవేలితో నొక్కి, గుంట నిండడానికి ఎంతసేపు పడుతున్నదో గడియారం పట్టి చూడవచ్చు. ఇసుక బదులు బంకమట్టి తీసుకొంటే ఆ కాలం మారుతుంది. దేర్సు ఏ మట్టిలో ఎంతసేపో ఏళ్ళ తరబడి చూచి నేర్చుకొన్నాడు. దీనిని సహజజ్ఞానమనడం అతని కష్టార్జితాన్ని అతనికి కాకుండా చేయడమే.

ఇక్కడ అర్సేన్యెవ్‌కు రావలసిన కీర్తి వేరే వున్నది. ఇటువంటి ఘట్టాలలో అతడు నిర్ణయాన్ని మాత్రమే వ్రాసి ఊరుకోడు. చూచినదేమిటి, దానినుండి దేర్సు ఏమి చెప్పాడు, తరువాత అది నిజమైనదా లేదా, ఈ మూడూ వేరువేరుగా వ్రాస్తాడు. అందుచేత వందేళ్ళ తరువాత చదివేవాడు కూడా మధ్యలో దూరి సరిచూచుకోవచ్చు. ఆదిమజాతుల మధ్య తిరిగిన ఆనాటి యాత్రికులలో చాలామంది ఈ శ్రద్ధ చూపలేదు. "మా వేటగానికి అడవి కొట్టినపిండి" అని ఒక వాక్యం వ్రాసి ముందుకు పోయారు. మనకు తెలిసిన కథలలో కూడా గుహుడు రాముణ్ణి గంగ దాటించాడని వుంటుంది, అతని భక్తి ఎంతటిదో వుంటుంది; ప్రవాహాన్ని చూచి పడవను ఎటు నడపాలో గుహునికి ఎలా తెలుసునన్నది కవికి పట్టలేదు. కావ్యానికి అది అవసరం లేదు. సర్వే అధికారి పుస్తకానికి అవసరం, అర్సేన్యెవ్ ఆ అవసరాన్ని గుర్తించాడు.

అన్నిటికంటె ప్రసిద్ధమైన ఘట్టం ఖంకా సరస్సు దగ్గరిది. ఈ సరస్సు రష్యా, చైనా సరిహద్దు మీద వున్నది. వైశాల్యం సుమారు 4 వేల చదరపు కిలోమీటర్లు. అంత పెద్దదైనా సగటు లోతు 5 మీటర్లకు మించదు. చుట్టూ బురద నేలలు, రెల్లు, ఎత్తయిన గడ్డి. అర్సేన్యెవ్, దేర్సు ఇద్దరే అక్కడ దారితప్పుతారు. పక్షులు గుంపులు గుంపులుగా తొందరపడి ఎగిరిపోవడం, ఆ తరువాత ఆకాశం ఖాళీ కావడం చూచి దేర్సు కంగారు పడతాడు. కాసేపటికి గాలి, మంచు మొదలవుతాయి. చెట్టు లేదు, గుట్ట లేదు. దేర్సు గడ్డి కోయమంటాడు. కారణం చెప్పే వ్యవధి కూడా లేదు. చేతులు కొంకర్లు పోయేదాకా ఇద్దరూ కోస్తారు. అర్సేన్యెవ్ ఒళ్ళు తెలియని స్థితిలో కూలబడితే, దేర్సు అతనిపై గడ్డి కప్పి, గాలికి లేచిపోకుండా తాళ్ళతో బిగించి, తానూ లోపల దూరుతాడు. పైన మంచు కురుస్తుంది. లోపల ఇద్దరూ బ్రతికి బయటపడతారు.

ఇందులో అద్భుతమేమీ లేదు, వున్నదంతా ఉష్ణశాస్త్రమే. కదలకుండా పడుకొన్న మనిషి శరీరం నుండి సుమారు వంద వాట్ల బల్బుకు సమానమైన వేడి వెలువడుతూ వుంటుంది. శరీరానికి ఆనుకొన్న గాలి ఆ వేడితో వెచ్చబడుతుంది. బయట గాలి వీస్తూ వుంటే ఆ వెచ్చని పొర నిమిషం నిలవదు. ఎప్పటికప్పుడు కొత్త చల్లగాలి వచ్చి చేరుతుంది, కాబట్టి ఉష్ణమాపకం చూపే చలికంటె ఎక్కువ చలి శరీరానికి తగులుతుంది. బట్టలు తడిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. గడ్డిపరకల మధ్యనూ, బోలుగా వుండే కాడలలోనూ చిక్కిన గాలి కదలలేదు. కదలని గాలి వేడిని చాలా మందంగా ప్రసరింపజేస్తుంది. పైన పడిన మంచు కూడా సందులలో గాలిని పట్టి వుంచుతుంది కాబట్టి, శత్రువుగా వచ్చినది కప్పుకొనే దుప్పటి అవుతుంది. మన పల్లెలలో మాఘమాసపు రాత్రి గడ్డివాములో దూరి పడుకొన్న పాలేరుకు ఈ సంగతి పుస్తకం లేకుండానే తెలుసు. అతనికి తెలియనిది తాడు విషయం. పెనుగాలిలో వాము నిలవదు, దానిని నేలకు బిగించకపోతే మొత్తం శ్రమ వ్యర్థమన్నది ఖంకా గాలిని ఎరిగినవాడే చెప్పగలడు.

ఇంతవరకు మెచ్చుకోవడమే. ఇక ఒక చిక్కు వున్నది, దానిని దాచడం సైన్సు పత్రిక పాఠకులకు న్యాయం కాదు. గ్రంథం ప్రకారం అర్సేన్యెవ్ దేర్సును మొదటిసారి కలుసుకొన్నది 1902లో. అతని దినచర్య పుస్తకాల ప్రకారం మాత్రం ఆ కలయిక జరిగినది 1906 ఆగస్టులో. అక్కడ వేటగాని పేరు కూడా దేర్చు ఒజాల్ అన్న రూపంలో కనబడుతుంది. ఖంకా ఘట్టం గ్రంథంలో 1902 నాటి ప్రయాణానికి చెందినది. దినచర్యలే సరియైనవైతే, ఆ సరస్సు ఒడ్డున అర్సేన్యెవ్‌ను కాపాడినది దేర్సు అయివుండడానికి వీలు లేదు. మరొక దారిచూపరి చేసిన పని దేర్సుకు కట్టబెట్టబడి వుండాలి, లేదా వేరే కాలంలో జరిగినది అక్కడకు మార్చబడి వుండాలి, లేదా కల్పన కొంత కలిసి వుండాలి. పరిశోధకులు కొందరు గ్రంథంలోని దేర్సును ఒకరికంటె ఎక్కువమంది వేటగాళ్ళ అనుభవాలు పోసి చేసిన మూర్తిగా భావించడానికి కారణం ఇదే.

ఇది చిన్న తప్పు కాదు. నవల వ్రాసేవానికి ఈ స్వేచ్ఛ వున్నది. కాని అర్సేన్యెవ్ తన పుస్తకాలలో తేదీలు, నదుల పేర్లు, కనుమల ఎత్తులు ఇచ్చాడు. మొక్కల పేర్లు, పక్షుల పేర్లు ఇచ్చాడు. ఎత్తు విషయంలో పాఠకుడు తనను నమ్మాలని కోరినవాడు, మనిషి విషయంలో ఏది చూచినదో ఏది కూర్చినదో ముందుమాటలో ఒక్క వాక్యంతో చెప్పి వుండవలసింది. అంతకంటె బాధ కలిగించే సంగతి మరొకటి. వేరే దారిచూపరులు నిజంగా వుంటే, వాళ్ళ విద్య దేర్సు పేరున నిలిచిపోయి, వాళ్ళ పేర్లు లేకుండా పోయాయన్నమాట. ఒక స్నేహితునికి స్మారకం కట్టే తొందరలో మిగిలినవారి ఋణం మిగిలిపోయింది.

అయితే గ్రంథమంతా దీనితో కొట్టివేయదగినదా? ఉపాధ్యాయులు ఇక్కడ ఆగి ఆలోచించడం మంచిది. గడ్డిగూడు మనిషిని కాపాడుతుందా అన్నదానికి సాక్షి అవసరం లేదు. ఎవరైనా చేసి చూడవచ్చు. అడుగుగుంటలోని నీరు కాలాన్ని చెబుతుందా అన్నదీ అంతే. దానిని చేసినవాడు దేర్సా, పేరులేని మరొక వేటగాడా అన్నదానికి మాత్రం అర్సేన్యెవ్ మాట తప్ప వేరే ఆధారం లేదు, ఆ మాటను అతని దినచర్యే ప్రశ్నిస్తున్నది. తార్కికులు ఆప్తవాక్యాన్ని కూడా ప్రమాణమన్నారు గాని, దానిని వేరే పద్దు కింద వ్రాశారు. ఒకే పేజీలో ఈ రెండు పద్దులూ కలిసిపోయి వున్న పుస్తకం తరగతిలో చర్చకు ఎంత పనికివస్తుందో చెప్పనక్కరలేదు. ఈ లోపం తెలిసిన తరువాత పుస్తకం బోధనకు మరింత పనికివస్తుందే గాని తక్కువ కాదు.

దేర్సు భాష గురించి కూడా ఒక మాట. గ్రంథంలో అతడు విరిగిన రష్యనులో మాట్లాడతాడు. క్రియలు సరిగా వుండవు, విభక్తులు వుండవు. అనువాదాలలో ఇది పసిపిల్లవాని మాటగా వినబడుతుంది, పాఠకునికి అతని బుద్ధి కూడా అటువంటిదే అనిపిస్తుంది. రష్యను అతని మాతృభాష కాదు. అర్సేన్యెవే నానాయ్ భాషలో తన కనుమల ఎత్తుల గురించి ప్రసంగించవలసి వస్తే ఎలా వుండేదో ఊహించుకోవచ్చు. ఈ పుస్తకాన్ని తెలుగు చేయబూనేవారు దేర్సుకు ముద్దుముద్దు మాటలు అంటగట్టకుండా వుండడం మంచిది.

నిప్పు, నీరు, గాలి, పులి, కాకి, చీమ, అన్నీ దేర్సుకు "మనుషులే". మిగిలిన మాంసాన్ని నిప్పులో పారవేస్తే దేర్సు కోపంతో దానిని బయటకు లాగుతాడు. మనం వెళ్ళిన తరువాత వేరేవాళ్ళు వచ్చి తింటారంటాడు. ఈ అడవిలో ఎవరు వస్తారని అర్సేన్యెవ్ అడిగితే, బాడ్జరు వస్తుంది, కాకి వస్తుంది, కాకి లేకపోతే ఎలుక, ఎలుక లేకపోతే చీమ అని జవాబు. అలాగే ఒక పాడుబడిన గుడిసెలో రాత్రి గడిపి వెళ్ళేటప్పుడు కట్టెలు కొట్టిపెట్టి, కాస్త ఉప్పు, బియ్యం, అగ్గిపుల్లలు చెట్టుపట్టలో చుట్టి వుంచుతాడు. మళ్ళీ ఇక్కడకు వస్తావా అంటే రానంటాడు. ఎవరో వస్తారు, వాళ్ళ ముఖం తాను చూడడు. ఈ ఘట్టం చదివి అర్సేన్యెవ్ కదిలిపోయాడంటే ఎవరైనా నమ్ముతారు.

ఇటీవలి వ్యాసకర్తలు ఇటువంటి ఘట్టాలు పట్టుకొని దేర్సును పర్యావరణ శాస్త్రజ్ఞుణ్ణి చేయడం పరిపాటి అయింది. ఇది అతిశయోక్తి. ఒక జీవి విడిచినదానిని మరొక జీవి తింటుందన్న క్రమం అతనికి స్పష్టంగా తెలుసు, అది పరిశీలన. పులిని కాల్చినందుకు అడవి తనపై పగబట్టిందని చివరి రోజులలో అతడు వణికిపోతాడు. అది నమ్మకం, దానికి ఆధారం లేదు. రెండూ ఒకే మనిషిలో వున్నాయి. ఒకదానిని పొగిడి రెండవదానిని దాచడం గాని, రెండవదానిని చూపి మొదటిదానిని తోసివేయడం గాని తగదు. న్యూటన్ వంటివాడు కూడా ఎన్నో ఏళ్ళు రసవాదంలో మునిగి వున్నాడన్న సంగతి ఉపాధ్యాయులకు తెలిసినదే.

దేర్సు కుటుంబం గురించి గ్రంథంలో కొద్ది మాటలే వున్నాయి. భార్య, పిల్లలు మశూచితో పోయారు, అతడొక్కడే మిగిలాడు. జెన్నర్ మశూచికి టీకా కనిపెట్టింది 1796లో. నూరేళ్ళు గడచినా అది ఆ అడవిలోని గుడిసెల దాకా చేరలేదు. బొచ్చు కోసం వర్తకులు అక్కడకు చేరారు, పన్నులు చేరాయి, రోగం చేరింది. లోకంలో మశూచి లేదని ప్రకటించగలిగినది 1980లో. అర్సేన్యెవ్ ఈ విషయాన్ని సానుభూతితో చెప్పి దాటిపోతాడు. ఇది ఎవరి బాధ్యత అన్న ప్రశ్న అతని కలం నుండి రాలేదు. ప్రభుత్వ ఉద్యోగి కలం నుండి రావడం కష్టమే.

స్నేహం సమానుల మధ్య జరిగినది కాదన్నది ఒప్పుకోక తప్పదు. ఇద్దరూ ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకొన్నారు. నది ఉరవడిలో చిక్కిన దేర్సును, చెట్టు నరికి అడ్డంగా పడవేసి బయటకు లాగిన ఘట్టం కూడా గ్రంథంలో వున్నది. ఆ మేరకు బాకీ లేదు. కాని దేర్సు చూపిన ప్రతి కనుమా పటం మీదికి ఎక్కింది. పటం వెనుక రోడ్డు, రోడ్డు వెనుక వలసవచ్చిన రైతు, కలపవ్యాపారి. వేట జంతువులు తగ్గిపోతాయని దేర్సుకు తెలియకపోలేదు. అతని మాటలలోనే ఆ దిగులు వినబడుతుంది. స్నేహితుడు గీస్తున్న గీతలకూ ఆ దిగులుకూ వున్న సంబంధం మాత్రం ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

చివరి భాగం తెలిసినదే. దేర్సు చూపు మందగిస్తుంది. గురి తప్పిన వేటగానికి అడవిలో బ్రతుకు లేదు. అర్సేన్యెవ్ అతణ్ణి ఖబారోవ్‌స్క్ పట్నంలోని తన ఇంటికి తీసుకొనివస్తాడు. అక్కడ కట్టెలకు డబ్బివ్వాలి, నీళ్ళకు డబ్బివ్వాలి. ఏరు పక్కనే వుండగా నీరు కొనడం దేర్సుకు అర్థం కాదు. తోటలో చెట్టు నరకబోతే పోలీసులు పట్టుకొంటారు. వీధిలో తుపాకి పేల్చకూడదంటారు. గదిలో పొయ్యి ముందు కూర్చొని మంటను చూస్తూ వుంటాడు. అర్సేన్యెవ్ ఇవన్నీ ఎంతో జాలితో వ్రాశాడు గాని, ఒక సంగతి చదివేవానికి తట్టక మానదు. పట్నంలో పటాలు గీసే కార్యాలయం వున్నది, వస్తుప్రదర్శనశాల వున్నది, అడవి సంగతులు తెలియగోరే పండితులు వున్నారు. చూపు మందగించినా చెప్పగల నోరున్న ఆ మనిషిని ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోబెట్టుకొని, జాడల విద్యను మొదటినుండి చివరిదాకా వ్రాసుకొన్నట్లు గ్రంథంలో కనబడదు. అతనికి అన్నం పెట్టారు, పని పెట్టలేదు.

దేర్సు సెలవు తీసుకొని కాలినడకన వెళ్ళిపోయాడు. 1908 మార్చిలో, ఖబారోవ్‌స్క్‌కు దక్షిణంగా కోర్ఫోవ్‌స్కయా స్టేషను దగ్గర అతణ్ణి ఎవరో చంపారు. శవం వద్ద దొరికిన అర్సేన్యెవ్ పేరుగల చీటీ వల్ల కబురు అతనికి అందింది. అర్సేన్యెవ్ వెళ్ళి స్నేహితుణ్ణి అక్కడే పూడ్పించాడు. గుర్తుగా పెట్టుకొన్న పెద్ద పైన్ చెట్లు తరువాత నరికివేయబడ్డాయి; కొత్త దారులు, మట్టికట్టలు వెలిశాయి; సమాధి దొరకలేదు. ఈ పేజీలలో అర్సేన్యెవ్ వచనం చాలా పొదుపుగా వున్నది. గ్రంథంలోని అత్యుత్తమ రచన ఇదేనని చెప్పవచ్చు.

జపాను దర్శకుడు అకిరా కురొసావా 1975లో ఈ గ్రంథాన్ని సోవియట్ దేశంలో చలనచిత్రంగా తీశాడు. తువా జాతికి చెందిన మాక్సిమ్ మున్జుక్ దేర్సుగా నటించాడు. ఆస్కార్ బహుమతి పొందిన ఈ చిత్రంలో ఖంకా ఘట్టం మరువలేనిది. చిత్రం ఒక కొత్త బాధను కూడా కలుపుతుంది: వీడ్కోలుగా స్నేహితుడు ఇచ్చిన మేలైన తుపాకి కోసమే దేర్సు హత్య జరిగివుండవచ్చునన్న సూచన. నాటకీయంగా ఇది బలమైనది. కాని విద్యార్థులకు చిత్రం మాత్రమే చూపి ఊరుకోవడం చాలదు. తెరమీద మనకు అడవి కనబడుతుంది, దేర్సు ముఖం కనబడుతుంది. అతని ఆలోచన మెట్టుమెట్టుగా కనబడడానికి పుస్తకమే కావాలి.

జాడల విద్య దేర్సుతో పోలేదు. 1940 ప్రాంతాలలో లెవ్ కప్లానోవ్ అనే జంతుశాస్త్రజ్ఞుడు సిఖోటే-అలీన్ కొండలలో మంచుమీది అడుగులను వెంబడించి పులుల సంఖ్యను అంచనా కట్టాడు. ఆ ప్రాంతంలో మిగిలినవి రెండు మూడు పదులకు మించవని తేల్చి, వాటి వేటను ఆపాలని హెచ్చరించాడు. 1943లో దొంగవేటగాళ్ళు అతణ్ణి చంపారు. తరువాతి గణనలు కూడా ప్రధానంగా ఆ పద్ధతిమీదనే నడిచాయి: చలికాలంలో మంచుమీద పడిన ముందుకాలి మెత్త వెడల్పును కొలిచి, ఇది మగదా, ఆడదా, పిల్లా అని విడదీయడం, జాడ ఎన్నాళ్ళ కిందటిదో నిర్ణయించడం. 2005 గణనలో దాదాపు 430 నుండి 500 దాకా పులులున్నట్లు తేలింది. ఇటీవల స్వయంచాలక కెమెరాలు, డి.ఎన్.ఎ. పరీక్షలు తోడైనాయి గాని మంచుమీద జాడ చూడగల స్థానిక వేటగాళ్ళ అవసరం తీరలేదు. సిఖోటే-అలీన్ మధ్యభాగం 2001లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. ఉదెగే, నానాయ్ జాతులవారు నివసించే బికిన్ నదీలోయ 2018లో అందులో చేర్చబడింది.

ఇంగ్లీషులో చదవగోరేవారికి మాల్కమ్ బర్ 1939లో చేసిన అనువాదం వున్నది. తరగతిలో మొత్తం చదివించడానికి వ్యవధి చాలకపోతే జాడల ఘట్టాలు, ఖంకా ఘట్టం, పట్నంలోని చివరి అధ్యాయం, ఈ మూడు చాలు. ఖంకా ఘట్టం చదివించే రోజున మాత్రం 1902, 1906 సంవత్సరాలు రెండూ నల్లబల్ల మీద పక్కపక్కన వ్రాసి వుంచాలి.